తప్పు రాయి

"మీరిచ్చిన ఉపదేశం మీకే అప్పజెప్పి పోదామని వచ్చాను అయ్యా," అన్నాడు జోగారావు.

మల్లుదాసు తన పాక ముందు గొంతుక్కూర్చుని ఇప్పపూలు ఆరబోసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఉపదేశం ఏమన్నా గిన్నెనా, తోమి తిరిగివ్వడానికి? ఎండనబడి వచ్చినావు. ముందు నీళ్ళు తాగు."

"తాగను."

"నా మీద కోపమైతే సరే. కుండ ఏం చేసింది?"

జోగారావు నవ్వలేదు. కూర్చోలేదు కూడా.

అతను శబరి ఒడ్డున ఒక ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే పంతులు. కోయ బిడ్డ. వాళ్ళ గూడెంలో డిగ్రీ చదివిన మొదటివాడు. మల్లుదాసు అచల గురువు. వయసులో ఉన్నప్పుడు బీడీ ఆకు కల్లంలో కూలికని మైదానం నుంచి వచ్చి, ఈ అడవిలోనే ముసలివాడయ్యాడు. ఆయన పాకలో దేవుడి పటం ఉండదు, దీపం ఉండదు. ఉన్నదంతా బయలే, ఉత్త శూన్యమేననీ, ఆ బయలుకు పేర్లు పెట్టి కొట్టుకు చావొద్దనీ చెబుతాడు. గూడెంవాళ్ళకు ఆ బోధ పెద్దగా పట్టలేదు గానీ మనిషి నచ్చాడు. జోగారావుకు బోధ కూడా నచ్చింది. చదువుకున్నవాడు కదా.

చదువుకున్నవాడికి ఒక రోగం ఉంటుంది. ఏ రెండు మాటలు కొట్టుకుంటున్నా మధ్యన దూరి రాజీ చేసేదాకా నిద్రపట్టదు. బళ్ళో చెప్పే పరిణామ సిద్ధాంతానికీ, గూడెం కొలిచే వేల్పుకూ, గురువు చెప్పే బయలుకూ జోగారావు ఎప్పుడో సంధి కుదిర్చాడు. "పరిణామం దేవుడి చేతిలో పనిముట్టు. వడ్రంగికి బాడిస ఎలాగో ఆయనకిది అలాగ," అని ఒకనాడు ఈ పాక ముందే గర్వంగా చెప్పాడు.

"బాగుంది," అన్నాడు అప్పుడు దాసు. "పనిపాటా లేనివాడికి పని చూపించినావు."

ఇప్పుడు ఆ బాడిస వచ్చి అతని ఇంట్లోనే పడింది.

జోగారావుకు ఒక కూతురు ఉండేది. అఖిల. తొమ్మిదేళ్ళు. దానికంటే ముందు పుట్టిన కొడుకు పాలు తాగే వయసులోనే జ్వరమొచ్చి పోయాడు. ఎందుకు పోయాడో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మన్యంలో చంటిబిడ్డ చనిపోతే కారణం అడిగే అలవాటు ఎవరు చేశారు గనక?

అఖిలకు మూడో ఏట కాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నొప్పి వచ్చిందంటే పిల్ల చాప మీద వానపాములా మెలితిరిగేది. ఒంట్లో నెత్తురు నిలిచేది కాదు. బస్తాకు చిల్లి పడితే గింజలు కారిపోయినట్టు కారిపోయేది. పట్నం ఆస్పత్రిలో పరీక్ష చేసి సికిల్ సెల్ అన్నారు. నెత్తుటి కణాలు గుండ్రంగా ఉండాల్సినవి కొడవళ్ళలా వంగి, సన్నటి నరాల్లో అడ్డం పడతాయి.

జోగారావుకు ఆ పేరు కొత్తది కాదు. ఏటేటా పదో తరగతికి ఆ పాఠం చెబుతూనే ఉన్నాడు. పుస్తకంలో ఆఫ్రికా పిల్లల బొమ్మ ఉంటుంది. "మలేరియా ఉన్న దేశాల్లో ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది," అని చెప్పి, బొమ్మ గీయించి, మార్కులు వేసేవాడు.

పోయిన వానాకాలం నొప్పి కాళ్ళ నుంచి ఛాతీకెక్కింది. వాగు దాటించేసరికే పిల్ల పెదాలు నీలమయ్యాయి.

అది పోయిన కథ. ఇప్పుడు జరుగుతున్న కథ వేరే.

"రేపు పంచాయితీ," అన్నాడు జోగారావు. "ముత్యాలు నన్ను వదిలేస్తానంటోంది."

దాసు చేతిలో పూలు అలాగే ఆగాయి. "కొట్టినావా?"

"లేదయ్యా."

"ఇంకో ఆడదా?"

"లేదు. చింతపిక్కలు."

*

ముత్యాలు అతని మేనమామ కూతురు. కోయల్లో పెళ్ళికి ముందు గట్టు చూస్తారు. గట్టు అంటే కొన్ని ఇంటిపేర్ల జట్టు. ఒకే గట్టువాళ్ళు అన్నాచెల్లెళ్ళ లెక్క, వాళ్ళలో వాళ్ళు చేసుకోరు. వీళ్ళిద్దరివీ వేరు వేరు గట్లు. పైగా మేనరికం. ఇంతకు మించిన సంబంధం లేదని ఊరంతా అంది. వేల్పును అడిగారు, వేల్పూ సరేనంది.

పిల్ల పోయాక గూడెంలో నోళ్ళు లేచాయి. వేల్పుకు కోపం వచ్చిందని ఒకరు. పోయిన జన్మలో ముత్యాలు ఎవరి బిడ్డనో ఏడిపించి ఉంటుందని, సంతకు వచ్చిన ఒక బొట్టుపెట్టుకున్న పెద్దమనిషి. ఈ కర్మ అనే మాట కనిపెట్టినవాడు ఎవడో గానీ బిడ్డను పోగొట్టుకున్నవాడు మాత్రం కాడు.

ఆ మాటలు వినలేక జోగారావు ఒకరోజు ముత్యాలును కూర్చోబెట్టాడు. నల్ల చింతపిక్కలు రెండు, తెల్ల చిక్కుడు గింజలు రెండు తెచ్చాడు.

"ఇదిగో ముత్యాలూ. నా నెత్తుర్లో ఒక తెల్లది, ఒక నల్లది. నీ దాంట్లోనూ అంతే. బిడ్డకు నేనొకటి ఇస్తాను, నువ్వొకటి ఇస్తావు. రెండూ నల్లవే పడితే జబ్బు. అంతే. వేల్పు లేదు, పాపం లేదు. నీ తప్పు ఏమీ లేదు."

ముత్యాలు బడి మొహం చూడని మనిషి. అతని ముందున్న చింతపిక్క తీసేసి, అక్కడ కుండలోంచి ఇంకో చిక్కుడు గింజ తెచ్చి పెట్టింది.

"ఇట్టా అయితే, బావా?"

"అప్పుడు బిడ్డకు జబ్బు రాదు."

"నీది అట్టనే ఉంచి నాది మారిస్తే?"

"అప్పుడూ రాదు."

"అంటే మనిద్దరం కలిస్తేనే."

బళ్ళో ఏ పిల్లా ఆ పాఠాన్ని ఇంత తొందరగా నేర్చుకోలేదు.

వేల్పు కోపమంటే మేకను కోసి మొక్కుకోవచ్చు. పాపమంటే ఒక్కపొద్దు ఉండొచ్చు. నెత్తురంటే ఏం చెయ్యాలి? నెత్తురు ఎవరి కాళ్ళు పట్టుకుంటే మారుతుంది? జోగారావు ఆమె నెత్తి మీది నుంచి దేవుణ్ణి దించాడు. దించి, ఆ చోట వాళ్ళిద్దరి కాపురాన్నే పెట్టాడు. కడుపులో ఉండగానే చూసే పరీక్ష ఉందని, అది పెద్ద ఊళ్ళో చేస్తారని డాక్టరు చెప్పాడు. "చూసి? ఉంచాలో తీసెయ్యాలో నన్ను చెప్పమంటాడా?" అని ముత్యాలు ఆ మాటను అక్కడే తెంపేసింది.

నెల తిరక్కుండానే చెప్పింది. "నువ్వు ఇంకోదాన్ని చేసుకో బావా. నెత్తురు చూపించి చేసుకో. నేనూ చూసుకుంటా. నా బిడ్డలూ బతుకుతారు, నీ బిడ్డలూ బతుకుతారు. మనం కలిసుంటే మనమే బతుకుతాం."

ఆ మాటలో తప్పు పట్టడానికి జోగారావు తన చదువంతా వెతికాడు. దొరకలేదు.

కోయ కట్టడిలో ఆడది మగణ్ణి వదిలేయొచ్చు, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. అయితే ఒక షరతు. ఎవరి వల్ల కాపురం విరిగిందో పంచాయితీలో తేలాలి. తప్పు తేలినవాళ్ళు వాగులో రాయి ఒకటి నెత్తిన పెట్టుకుని, గూడెం నడిమధ్యగా నడిచి, పొలిమేరలో దించాలి. దాన్ని తప్పు రాయి అంటారు. ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. వేస్తే వాళ్ళకూ తప్పు అంటుతుంది. రాయి దిగితే కాపురం తెగినట్టు. తప్పు లేకుండా రాయి లేదు, రాయి లేకుండా విడుదల లేదు.

ఆ రాయి తను మోస్తానంది ముత్యాలు.

"మోస్తే ఏమవుతుందో తెలుసా అయ్యా?" అన్నాడు జోగారావు. "పాడు కడుపు అని ముద్ర పడుతుంది. తనకు తానే ఒప్పుకున్నట్టు. ఇంకెవడు చేసుకుంటాడు? బిడ్డలు కావాలనే గదా పోతానంటోంది. ఆ రాయి మోస్తే అదీ పోయె. అన్నల ఇంట్లో గొడ్ల దగ్గర పడుంటుంది, చచ్చేదాకా."

"నువ్వు మొయ్యి."

"నాదే అంటే నమ్మరు. కడుపు ఆడదానిది గదా అంటారు."

దాసు ఒక పువ్వు నోట్లో వేసుకుని నమిలాడు. అది చూసి జోగారావుకు ఒళ్ళు మండింది.

"నేనెందుకు బతికున్నానో తెలుసా మీకు? నా తోడబుట్టినవాళ్ళిద్దరూ చలిజ్వరంతో పోయారు. నేను మిగిలాను. నా నెత్తుర్లో ఆ నల్లది ఒకటి ఉంది కాబట్టి. ఒకటుంటే మలేరియా చంపలేదు. వేల ఏళ్ళుగా ఈ అడవిలో దోమ చంపగా చంపగా మిగిలినవాళ్ళం మేము. నన్ను బతికించింది అదే, నా బిడ్డను చంపింది అదే. కొందరిని కాపాడ్డానికి కొందరు బలి. ఇది ఎవడు చేసిన ఏర్పాటు? దేవుడే చేస్తే వాడు కసాయి. ఎవడూ చెయ్యకపోతే నేను ఎవడి మీద అరవాలి?"

"నా మీద అరుస్తూనే ఉన్నావుగా."

"బయలు అన్నారు మీరు. బయలుకు మలేరియా రాదు. బయలుకు బిడ్డ చావదు."

"చావదు. నిజమే."

"అంతేనా?"

"అంతే."

"పోనీ, నా సైన్సు అబద్ధమని చెప్పండి. పట్టుకుంటాను."

"నాకేం తెలుసురా. నువ్వు చదివినవాడివి. నిజమే అయ్యుంటది."

"దేవుడు ఉన్నాడని చెప్పండి. అదైనా పట్టుకుంటాను."

"అది తెలిసినవాణ్ణయితే ఇంతకాలం నోరు మూసుకుని ఉండేవాణ్ణి కాదు."

జోగారావు నేల మీద కూలబడ్డాడు. "రేపు పంచాయితీకి రండి. ఒక్క మాట చెప్పండి. ఇది ఎవరి తప్పూ కాదని చెప్పండి. మీ మాటంటే గూడెం పటేలుకు గురి."

ముసలాయన చేతులు దులుపుకుని లేచాడు. చూరులోంచి చేతికర్ర తీశాడు. పూలు ఎండలోనే వదిలేసి దారి పట్టాడు.

*

వాళ్ళు వెళ్ళేసరికి ముత్యాలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఇద్దరినీ చూసి చేట ఆపలేదు.

"ఏం తాతా, మా బావ పిలుచుకొచ్చాడా? నీ బయలు నా బిడ్డను ఎక్కడ దాచిందో చెప్పడానికి వచ్చినావా?"

"ఆకలేసి వచ్చినా."

"అదొకటి నిజం చెప్పినావు. కూర్చో."

గంజిలో ఉప్పు వేసి ఇచ్చింది. దాసు తాగాడు. జోగారావు గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"రాయి మోస్తావంట," అన్నాడు దాసు.

"మోస్తా. తొమ్మిదేళ్ళ పిల్లని వాగు దాకా మోసినా, రాయి మొయ్యలేనా?"

"నీ తప్పు కాదంటున్నాడుగా మీ సారు."

"సారు నాలుగు గింజలు చూపించి నా తప్పు లేదంటాడు. తన తప్పూ లేదంటాడు. వేల్పుదీ కాదంట. దోమదీ కాదంట, దాని బతుకు అదంట." ముత్యాలు చేట కింద పెట్టింది. "మరి ఎవరి తప్పూ కాకపోతే, తాతా, నా బిడ్డ ఊరికే చచ్చిందా?"

జోగారావు గురువు మొహంలోకి చూశాడు. ఇదే అడగాలని అతనూ వచ్చాడు. అడగడం చేతకాక సైన్సు మాట్లాడాడు.

దాసు గిన్నె కింద పెట్టాడు. ఆయన కళ్ళలో బోధ లేదు. ముసలితనం ఉంది, అంతే.

"ఊరికే చచ్చిందనడం కంటే నా వల్ల చచ్చిందనడం నయం," అంది ముత్యాలు. "అప్పుడు దాని చావుకి ఒక మనిషన్నా ఉంటది."

మళ్ళీ చేట అందుకుంది.

*

మర్నాడు ఎండ ముదరకముందే పటేలు ముక్కయ్య ఇంటి పందిరి కింద జనం కూడారు. ముత్యాలు అన్నలు ఆటో తెచ్చి పొలిమేర అవతల పెట్టుకున్నారు. వెనకాల వంట జరుగుతోంది. విడాకుల పంచాయితీకి కూడా భోజనం ఉంటుంది. కాపురం విరిగినా కడుపులు విరగవు కదా.

"రెండు పక్కలా సరేనన్నారు," అన్నాడు పటేలు. "తప్పు ఎవరిదో చెబితే రాయి తెప్పిస్తా."

"నాది," అన్నాడు జోగారావు. "నా నెత్తుర్లోనే ఉంది. బిడ్డకు నేను ఇచ్చిందే."

ముందు వరసలో కూర్చున్న గంగి అవ్వ పుగాకు ఉమ్మేసి నవ్వింది. "సారూ, అది బళ్ళో పిల్లలకు చెప్పు. కడుపెవరిది? మోసిందెవరు?"

"సగం నాదే అవ్వా."

"సగం తప్పంటే సగం రాయి మోస్తావా? గొడ్డలి తెండిరా ఎవరన్నా, రాయిని నరకాలి!"

పందిరంతా గొల్లుమంది. నలభైమంది పిల్లలు ఎదురుగా ఉంటే గంటసేపు ఆగకుండా చెప్పగలిగిన జోగారావు, ఇక్కడ ఒక్క ముసలమ్మకు జవాబు చెప్పలేకపోయాడు.

"గట్టు చూసింది నేను," అన్నాడు పటేలు, కొంచెం నొచ్చుకుంటూ. "అందులో తప్పు లేదు."

"గట్టు కుదిరింది మామా. నెత్తురూ కుదిరింది. అదే చిక్కు," అన్నాడు జోగారావు.

"పోనీ వేల్పుదే తప్పని రాసేద్దాం," అన్నాడు వెనక నుంచి ఒక కుర్రాడు.

"వేల్పు రాయి మోస్తదా?" అన్నాడు పటేలు. "జాతరలో దాన్నే మనం మోస్తున్నాం."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యలోనే ముత్యాలు లేచింది.

"చాల్లే. కడుపు నాది, తప్పు నాది. రాయేది?"

నవ్వు ఆగింది. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు. అందరికీ ఆ మాటే కావాలి, అయినా వినడానికి సిగ్గయింది. ఊళ్ళు అలాగే ఉంటాయి. ఎవరి నెత్తినో ఒకరి నెత్తిన పెట్టేస్తే గానీ అన్నం సయించదు. ఆ నెత్తి తనంతట తనే వంగితే మరీ మంచిది.

రాయి తెచ్చి పందిరి ముందు పెట్టారు. వాగులో నీళ్ళకు అరిగి నున్నగా ఉన్న నల్ల రాయి. ముత్యాలు పాత గుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. కొంగు బిగించింది. వంగబోయింది.

అప్పటికే ఎవరో రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మల్లుదాసు. భుజం మీది తువ్వాలు మడతపెట్టి తన నెత్తిన సర్దుకుంటున్నాడు.

"ఇది నాది," అన్నాడు.

పటేలుకు అర్థం కాలేదు. "ఏంది నీది?"

"తప్పు."

"నువ్వేం చేసినావు దాసయ్యా?"

"ఏం చెయ్యలా."

"మరి తప్పు నీదెట్టా అవుద్ది?"

"ఆమె ఏం చేసింది?"

"చెయ్యని తప్పు మొయ్యడం మా కట్టడిలో లేదు."

"చెయ్యని తప్పు మోయించడం ఉందా?"

గంగి అవ్వ పుగాకు నమలడం మానేసింది.

అరిచింది ముత్యాలే. "తాతా, చెయ్యి తియ్యి! అది నాది. నా బిడ్డది. నువ్వెవరివి తీసుకోడానికి?"

"ఎవర్నీ కానమ్మా."

"మరి లే!"

"ఎవడూ చెయ్యని తప్పు, ఎవడో ఒకడు మొయ్యాలి గదా తల్లీ," అన్నాడు దాసు. "నాకు పెళ్ళి కావాలా, బిడ్డలు కావాలా. నాకేం పోద్ది?"

రాయిని రెండు చేతులతో పట్టుకుని మోకాలి దాకా లేపాడు. జారింది. మళ్ళీ లేపాడు. పొట్టకు ఆనించుకున్నాడు. అక్కడి నుంచి ఛాతీకి. ఊపిరి ఈలలా వినిపించింది. ఎవరూ కదల్లేదు, కట్టడి అది. ముసలాయన తల వంచి, రాయి కింద తల దూర్చి, వణుకుతూ వణుకుతూ లేచి నిలబడ్డాడు.

నడిచాడు.

గూడెం నడిమధ్యగా ఒకటే బాట. రెండు వైపులా ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఏం తప్పు చేశాడని ఒకరినొకరు అడుగుతున్నారు. చెప్పగలిగినవాళ్ళు లేరు. జోగారావు వెనకాల నడుస్తున్నాడు. అతనికి ఎదురుగా గురువు మెడ మీది నరాలు తాళ్ళలా పొంగి కనిపిస్తున్నాయి. ఆ మెడ విరిగితే? తన మూలంగా ఇంకో ప్రాణం పోతే? ఈ ముసలివాడికి నెత్తురు బంధం లేదు, కులం లేదు. ఈయన సంతానం ఈ భూమ్మీద మిగలదు. ఇలాంటి మనిషి ఎందుకు పుడతాడో, పుట్టి ఇలాంటి పని ఎందుకు చేస్తాడో పరిణామం పాఠంలో ఒక పేరా ఉంది. ఆ పేరా జోగారావుకు కంఠతా వచ్చు. ఇప్పుడు అందులో ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

ఊరి చివరి ఇల్లు దాటుతుండగా ముసలాయన మోకాలు మడతపడింది.

జోగారావు చెయ్యి దానంతట అదే వెళ్ళి రాయి కింద పడింది.

"సారూ, ముట్టుకోకు! నీకూ అంటుద్ది!" వెనక నుంచి అరిచారు.

అతను చెయ్యి తియ్యలేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. బరువు ఒక్క పక్కకే లేచి రాయి అటు దొర్లబోయింది. ముసలాయన తూలాడు.

జనంలోంచి ముత్యాలు దూసుకొచ్చింది. అవతలి పక్క పట్టుకుంది.

"ఇద్దరికిద్దరూ చేతగాని మగాళ్ళు," అంది పళ్ళ బిగువున. "అట్టా కాదు బావా. కింద పట్టు, కింద."

అతను కింద పట్టాడు. అక్కడ ఆమె వేళ్ళు ఉన్నాయి. ఇద్దరూ తియ్యలేదు.

నడిమధ్యన ముసలివాడు, చెరో పక్కన వాళ్ళు. అలా పొలిమేర దాకా నడిచారు. పిల్లను మంచం మీద వాగు దాకా మోసుకెళ్ళిన రోజు కూడా ఇద్దరూ ఇలాగే అడుగు కలిపి నడిచారు. ఆ రోజు పరుగెత్తారు. ఈ రోజు తొందర లేదు. ఎంత నెమ్మదిగా నడిచినా పొలిమేర వచ్చేసింది.

అక్కడ గడ్డిలో పాత తప్పు రాళ్ళు ఉన్నాయి. కొన్ని నేలలో సగం దాకా దిగిపోయాయి. కొన్నింటి మీద నాచు. ఏది ఎవరు మోశారో, ఎందుకు మోశారో పటేలుకు కూడా తెలియదు.

ముగ్గురూ వంగి దించారు.

రాయి నేలను తాకిన చప్పుడుతో వాళ్ళ కాపురం అయిపోయింది.

ముత్యాలు అన్నలు ఆటో దగ్గర లేచి నిలబడ్డారు. ఆమె వెంటనే కదల్లేదు. అరచేతులు చీరకు తుడుచుకుని, రాయిని చూస్తూ ఉండిపోయింది.

"తాతా."

ముసలాయన ఊపిరి తీసుకోలేక నేల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళెత్తాడు.

"దించినాం గదా. మరి తేలిక కాలేదేం?"

"అవుద్దని నేను చెప్పలేదే తల్లీ."

బిడ్డ పోయినప్పటి నుంచి ఎందరో వచ్చి ఎన్నో చెప్పారు. ముత్యాలు ఎవరి మాటకూ తల ఊపలేదు. ఈ మాటకు ఊపింది.

"వస్తా బావా," అంది. "ఇంటికెళ్ళి గంజి తాగు. దాలి పొయ్యి మీద పెట్టినా."

వెళ్ళి ఆటో ఎక్కింది. తలుపు లేని ఆటో. మలుపు తిరిగేదాకా ఆమె మోచెయ్యి కనిపించింది. తర్వాత దుమ్ము కనిపించింది.

గూడెంలో వడ్డనలు మొదలైనట్టు కేకలు వినిపిస్తున్నాయి. రాయి ముట్టినవాళ్ళకు ఈ పూట పంక్తిలో చోటు లేదు. వాళ్ళను పిలవడానికి ఎవరూ రాలేదు.

జోగారావు గురువు ముందు కూర్చున్నాడు. నిన్నటి నుంచి ఒక ప్రశ్న అతని నోట్లోనే ఉంది. దేవుడు ఉన్నాడా, లేడా. ఉంటే ఎందుకు ఇలా, లేకపోతే ఇక దేనికి. అడగడానికి నోరు తెరిచాడు.

ముసలాయన నుదుటి మీద రాయి గీరుకుపోయింది. నెత్తురు సన్నగా కనుబొమ మీదికి కారుతోంది. ఆయనకు తెలిసినట్టు లేదు.

జోగారావు కండువా తీసి ఆ గాయం మీద అదిమాడు. కాసేపటికి గుడ్డ తడిసింది. ఇంకో మడత వేసి మళ్ళీ అదిమిపట్టాడు.